మండలంలో ఏకైక తుపాకీ

దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లోని అల్ సుబూర్ మండలంలో మొత్తం ఒకే ఒక్క తుపాకీ ఉన్నదని ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది. ఇళ్లు రెండువేల నాలుగు వందలు, తుపాకీ ఒకటి. అది హైస్కూలు హెడ్మాస్టరు చాసిబ్ గారిది.

ఈ లెక్క ఆషామాషీగా తేలలేదు. తుపాకులు తగ్గిస్తే నేరాలు తగ్గుతాయా లేదా అని రాజధానిలో పెద్దలు చాలాకాలం వాదించుకున్నారు. చివరికి, ముందు ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో చూద్దామని చట్టం చేసి ఇంటింటికీ ఒక ఫారం పంపారు. ఆ చట్టాన్ని అందరికంటే ముందు స్వాగతించినవాడు తెగ పెద్ద షేక్ మిజ్‌హర్. తన రెల్లు చావడికి ఊరందరినీ పిలిచి, టీ పోయించి మరీ ప్రసంగించాడు.

"తుపాకీ పిరికివాడి భాష! మనది మర్యాదస్తుల తెగ. మా ఇంట్లో కూరగాయల కత్తి తప్ప మరేమీ లేదని ఈ మీసం మీద ఒట్టేసి చెబుతున్నా. కాదన్నవాణ్ణి అక్కడికక్కడే కాల్చిపారేస్తా!"

కాదన్నవాడు లేడు. అందరూ ఫారంలో సున్నా చుట్టి ఇచ్చారు.

చాసిబ్ గారి తండ్రి పొలంలో పడే అడవిపందుల కోసం కొన్న పాత తుపాకీ ఒకటి పరుపుల కింద మూలుగుతోంది. ఆయన "ఒకటి" అని రాస్తుంటే భార్య నజ్‌లా చూసింది.

"ఊరంతా సున్నా చుడితే నీకెందుకయ్యా ఈ ఒకటి? పరీక్ష పేపరనుకున్నావా?"

"అబద్ధం రాసొచ్చి, రేపు పిల్లల్ని నిజం చెప్పమని ఏ మొహంతో అడగనే?"

"ఈ మొహంతోనే. అందరూ అడగడం లేదూ?"

ఆయన వినలేదు.

ఆ వేసవిలో గేదెల్ని కాలవలో ఎవరు ముందు దింపాలన్న సమస్య మీద షేక్ మేనల్లుడికీ అవతలి గట్టువాళ్లకూ అభిప్రాయభేదం వచ్చింది. ఒక మధ్యాహ్నం నలభై నిమిషాలపాటు బడి మీదుగా అభిప్రాయాలు ఎగిరాయి. పిల్లలు, మాస్టార్లు బల్లల కింద దూరారు. గోడకు పదిహేడు చిల్లులు పడ్డాయని చాసిబ్ గారు పైకి రాస్తే జవాబు వెంటనే వచ్చింది: "మండలంలో ఆయుధములు లేనందున సదరు రంధ్రములను నిర్మాణ లోపముగా పరిగణించడమైనది." చప్పుడును వాతావరణ శాఖవారు పొడి ఉరుముల కింద నమోదు చేసుకున్నారు.

చిక్కు బడి కాపలాదారు ఫర్హూద్ దగ్గర వచ్చింది. అతని మోచేతి పైనుంచి డాక్టరు తూటా తీసి పళ్లెంలో పెట్టాడు. దాన్ని నిర్మాణ లోపమనడానికి వీల్లేకపోయింది. దాంతో పోలీసు కెప్టెన్ జాబితా పట్టుకుని నేరుగా బడికే వచ్చాడు.

"మాస్టారూ, మండలంలో తుపాకులెన్ని?"

"జాబితా ప్రకారం ఒకటి."

"తూటా తుపాకీలోంచే వస్తుంది కదా?"

"వస్తుంది."

"మరి మిగతా లెక్క మీరే చెయ్యండి. చదువుకున్నవారు."

"అయ్యా, నేనప్పుడు బల్ల కింద ఉన్నాను!"

"బల్ల చాటునుంచి కాల్చారట, రాసుకో," అన్నాడు కెప్టెన్ పక్కనున్న జవానుతో.

చాసిబ్ గారు పదకొండు రోజులు లాకప్పులో ఉన్నారు. తుపాకీ స్వాధీనమైంది కనుక మండలంలో హింసాత్మక నేరాలు నూటికి నూరు శాతం తగ్గాయని ప్రకటన వెలువడింది. రాజధానిలో చట్టం పనిచేసిందని ఒక పక్షం, చట్టానికి దొరికేది నిజాయితీపరుడేనని రెండో పక్షం ఈ ఒక్క కేసునే చూపించి హాయిగా నిద్రపోయాయి. పన్నెండో రోజు షేక్ మిజ్‌హర్ స్వయంగా వెళ్లి పూచీ ఇచ్చి మాస్టారిని విడిపించాడు. కాల్చిన చేపలతో విందు చేసి, దారితప్పినవాణ్ణి క్షమించడం తమ తెగ సంప్రదాయమని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

అవమానంతో తలవంచుకుని ఊళ్లోకి వచ్చిన చాసిబ్ గారికి రొట్టెల కొట్టు దగ్గర మొదటి ఆశ్చర్యం ఎదురైంది. వరస మొత్తం పక్కకు జరిగింది. "ముందు మాస్టారికివ్వండ్రా!" అన్నాడు కొట్టువాడు. మార్కుల కోసం ఏటా తగువుకొచ్చే తండ్రులు ఈసారి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇరవై ఏళ్లుగా ఆయన అరిచినా ఆగని తొమ్మిదో తరగతి ఆయన దగ్గితే ఆగింది. "ఆ కళ్లద్దాల వెనక ఎంత నిప్పుందో చూశావా!" అని వెనక ఎవరో అంటుంటే విన్నారు. వినబడనట్టు నడిచారుగాని, కాస్త నెమ్మదిగా నడిచారు.

"ఏమిటా నడక? నిజంగానే ఎవర్నో కాల్చొచ్చినట్టు!" అంది నజ్‌లా.

"నడుం పట్టేసిందే," అన్నారాయన.

వారం తిరక్కుండా ఫర్హూద్ చేతికి కట్టుతో వచ్చి గుమ్మంలోనే ఏడ్చేశాడు.

"మాస్టారూ, నన్ను కాల్చింది షేక్ గారి మేనల్లుడు. ఈ కళ్లతో చూశా. భయపడి నోరు మూసుకున్నా. నా మూలంగా మీమీద నింద పడితే నాకు ముద్ద దిగడం లేదు. ఏమైతే అయింది, ఇప్పుడే వెళ్లి కెప్టెన్‌కి చెప్పేస్తా!"

నజ్‌లా మొహం వెలిగింది. చాసిబ్ గారికి మేనల్లుడి భయం ఉన్నమాట నిజమే. కానీ ఆ క్షణంలో ఆయన కళ్లముందు మెదిలింది మేనల్లుడు కాదు, పక్కకు జరిగిన రొట్టెల వరస.

"తొందరేముంది ఫర్హూద్? ముందు నీ చెయ్యి నయం కానీ."

"నయమైపోయింది మాస్టారూ," అని ఫర్హూద్ వేళ్లు ఆడించి చూపించాడు.

"ఇంకా పూర్తిగా కాలేదు," అన్నారు మాస్టారు. నజ్‌లా లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఇది జరిగి మూడేళ్లయింది. మండలంలో ఉరుములు యథాప్రకారం ఉరుముతున్నాయి, నేరాలు మాత్రం లేవు. ఈమధ్య ఊళ్లో పరువుగల పెద్దమనుషులు నలుగురు విడివిడిగా కెప్టెన్‌ను కలిసి, ఆనాడు ఫర్హూద్‌ను కాల్చింది నిజానికి తామేనని, దయచేసి రికార్డు సరిచేయాలని అర్జీలు పెట్టుకున్నారు. ఆ స్థానం ఖాళీగా లేదని కెప్టెన్ తిప్పిపంపేశాడు.