సంచీలో సీసా

శనివారం పొద్దున్న లెక్కల మాస్టారి భార్య అనుకున్నది చిన్న పనే. తాగుడు అలవాటున్నవాళ్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ తోడుగా నిలిచే వాలంటీర్లకు చర్చి హాల్లో శిక్షణ. పదిమందికి సేవ చేస్తానని పేరిచ్చింది గానీ, నేర్చుకోవాలనుకున్నది సొంత ఇంటికోసమే. వాషింగ్ మెషిన్ వెనక దొరికిన సగం మందు సీసాను దారిలో ఏదో చెత్తకుండీలో పడేస్తే సరి.

కానీ ప్రతి కుండీ దగ్గరా తెలిసిన మొహమే. ఎవరైనా చూస్తే? ఆయన ఉద్యోగం పోతుంది, కూతురు బడిలో తలెత్తుకోలేదు, ఇల్లు ఖాళీ చేయమంటారు... మూడో కుండీ దాటేసరికి ఆవిడ మనసులో సంసారం మొత్తం రోడ్డున పడింది. సీసా మాత్రం సంచీలోనే ఉంది.

హాల్లో పాస్టరమ్మ బోర్డు మీద మూడు మాటలు రాసింది: తిట్టకండి. ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఇంటివాళ్లను కలవండి. రాసుకుందామని ఆవిడ నోట్‌బుక్ లాగింది. దాంతోపాటే సీసా జారిపడి, తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్లి పాస్టరమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

"ఎవరిదమ్మా ఇది?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నాదేనండీ."

హాల్లోని వాలంటీర్లంతా అప్పుడే నేర్చుకున్నదాన్ని ఆవిడ మీదే మొదలుపెట్టారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ వదల్లేదు. "మెట్లు జాగ్రత్త అక్కా," అంటూ చెరో చెయ్యీ పట్టుకున్నారు.

"ఇంటికొద్దండీ, మీకు దండం పెడతా!"

"మొదట్లో అందరూ ఇలాగే అంటారు," అని మరింత ప్రేమగా నడిపించారు. వీధిలో కిటికీలన్నీ తెరుచుకుంటుంటే ఆవిడకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మాస్టారు చేతిలో పరీక్ష పేపరుతోనే తలుపు తీశారు.

"అన్నయ్యగారూ, తప్పు మీది కాదు," అంది పాస్టరమ్మ, సీసా చూపించి. "మీ ఆవిడ తాగుతున్నారు."

ఆయన సీసా వంక చూశారు, భార్య వంక చూశారు. నోరు విప్పొద్దని ఆవిడ కళ్లతోనే బతిమాలింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లు," అన్నారాయన తలదించుకుని.

"ఎక్కడ దాస్తారు?"

"మెషిన్ వెనక. బూట్ల పెట్టెలో. దిద్దాల్సిన పేపర్ల కింద."

రాసుకుంటున్న పాస్టరమ్మ పెన్ను ఆగింది. "ఆవిడ పేపర్లు కూడా దిద్దుతారా?"

మాస్టారు గుమ్మం లోపలే కూలబడ్డారు. "దిద్దేది నేను. తాగేదీ నేనే. నాకోసం తను ఇంత నింద మోస్తుంటే... తనని వదిలెయ్యండమ్మా."

ఆవిడ లోపలికి వచ్చి, అలవాటు కొద్దీ వీధికి కనపడకుండా తలుపు మూసేయబోయింది. సగంలో ఆగి, ఆయన పక్కనే చతికిలబడింది.

మరుసటి శనివారం ఇద్దరూ కలిసి చర్చి హాలుకి వెళ్లారు. మాస్టారు మెట్లు ఒక్కరే ఎక్కారు. వాలంటీర్లు మాత్రం ఈసారీ "మెట్లు జాగ్రత్త అక్కా" అంటూ ఆవిడ చెయ్యే పట్టుకున్నారు.