దూరని ప్లగ్గుకు జేజేలు!

ఈ లోకంలో ఒక కంపెనీ ప్లగ్గు ఇంకో కంపెనీ సాకెట్‌లో దూరకపోవడం మానవజాతికి దక్కిన మహాభాగ్యమని ఘంటాపథంగా చెబుతున్నాను! నవ్వకండి. నవ్వేవాళ్ల ఇళ్లలో కూడా పాత చార్జర్ల డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఒక్కటీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోనుకు పనికిరాదు. అయినా ఆ డబ్బా పారేశారా? పారేయలేదు. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒకదానికి పనికొస్తుందని దాచుకున్నారు. మనిషిలో ఇంత ఆశ పుట్టించింది ఎవరండీ? కంపెనీలు కాదూ?

నమ్మకం కుదరకపోతే పుత్తూరు మునిప్రసాద్ సంగతి వినండి.

ఆయనకు మోటార్లు వైండింగ్ చేసే షెడ్డు ఉంది. చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలిపోయినా ఆయన దగ్గరికే తెస్తారు. రాగి తీగ చుట్టడంలో ఆయనను కొట్టేవాడు వడమాలపేట దాకా లేడు. ఆ ధీమాతోనే ఏప్రిల్ నెలలో ఒక ఉదయం ఇంట్లో ప్రకటన చేశాడు. తాను తిరుపతిలో ఐటీఐ చదివేటప్పుడు వీడియో గేమ్ షాపులో నిలబడి ఆడిన నిలువెత్తు పెట్టె ఉండేదే, అలాంటిది సొంతంగా తయారుచేస్తాడట! పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు లోహిత ఇంటర్ చదవడానికి జూన్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు వెళ్లిపోతుంది. వెళ్లేలోపు ఆ పిల్లతో కలిసి నాలుగు ఆటలు ఆడాలని ఆయన కోరిక.

"అంత పెట్టె నీకు యాడుండాది?" అంది భార్య లోకేశ్వరి.

ఆయన చూపు ఆవిడ బీరువా మీద పడింది.

ఫలితంగా లోకేశ్వరి చీరలు సంచుల్లోకి, సంచులు వాషింగ్ మిషన్ మీదికి చేరాయి. బీరువా తలుపు కోసి పాత టీవీ బిగించాడు. నడుము ఎత్తున రేకు వంచి చేతులు ఆనించుకోవడానికి అరుగు పెట్టాడు. లోపల అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, అందులో పాత ఆటలన్నీ ఉన్నాయి. ఇక కావలసింది కంట్రోలర్లు. బెంగళూరులో ఉద్యోగం చేసే బావమరిది ధనంజయ, తన పిల్లలు ఆడి మూల పడేసిన కంట్రోలర్లు మూడు తెచ్చిచ్చాడు.

మూడూ మూడు కంపెనీలవి. ఒకదాని తోకకు చప్పిడి ముక్కు, ఇంకోదానికి గుండ్రటి ముక్కు. మూడోదానికి అసలు తోకే లేదు, గాలిలో మాట్లాడుతుందట! బోర్డుకున్న రంధ్రం ముగ్గురినీ గుమ్మంలోనే నిలబెట్టేసింది.

ఇక్కడే కంపెనీల దయ గమనించాలి. అన్నీ ఒకే రకం అయివుంటే ఏమయ్యేది? గుచ్చేవాడు, ఆడేవాడు, సాయంత్రానికి విసుగొచ్చి లేచిపోయేవాడు. ఒక మనిషి వేసవి మొత్తం వృథా! అలా జరగనిచ్చారా? ఆయన చేత ఆన్‌లైన్‌లో అడాప్టర్ తెప్పించారు. అది ఒక పక్క దూరింది, రెండో పక్క దూరలేదు. అడాప్టర్‌కు అడాప్టర్ వచ్చింది. దానికి ఇంకో బుల్లి ముక్క కావాలని తేలింది. పార్సిళ్లు తెచ్చే కొరియర్ గిరిప్రసాద్ మూడో వారానికల్లా చెప్పులు విప్పి లోపలికొచ్చి, "ఈ తూరన్నా దూరిందా అన్నా?" అని అడిగి, కాఫీ తాగి వెళ్లేవాడు. కంపెనీలు పూనుకోకపోతే ఆ ఇంటికి అంత ఆప్తుడు దొరికేవాడా?

చివరికి మునిప్రసాద్‌కు తిక్కరేగింది. గుండ్రటి ముక్కు కత్తిరించి పారేశాడు.

"మోటారుకే మూడు వైర్లు గదప్పా! ఈ బొమ్మకు ఇన్ని వైర్లేంది?" అని తలపట్టుకున్నాడు. ఎర్రదాన్ని ఎర్రదానికి, నల్లదాన్ని నల్లదానికి కలిపి, మోటారుకు చుట్టే టేపు దిట్టంగా చుట్టి స్విచ్ వేశాడు. బోర్డు ఒక్కసారి కన్నుకొట్టి పడుకుంది.

షెడ్డు గుమ్మంలో కిసుక్కున నవ్వు వినిపించింది. లోహిత! నాలుగేళ్లుగా ఆ తండ్రీకూతుళ్ల మధ్య సంభాషణ యావత్తూ "నాయనా, హాట్‌స్పాట్ ఆన్ చెయ్" అన్న ఒక్క వాక్యంతో గడిచిపోయింది. అలాంటి పిల్ల వచ్చి కింద కూర్చుంది.

"రంగు సూసి కలపగూడదు నాయనా. ఏ వైరు ఏం పని చేస్తాదో మీటర్ పెట్టి సూడాల."

"నీకెట్ల తెలుసు?"

"వీడియోల్లో సూసినా. నువ్వు కొంచెం జరుగు."

మునిప్రసాద్ జరిగాడు. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో ఆయనను జరగమన్నవాళ్లు లేరు. కూతురు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న తీరు చూసి ఆయనకు ఒళ్లు పులకరించింది. ఆ రోజు నుంచి పొద్దున్నే ఇద్దరూ షెడ్డులో పక్కపక్కన కూర్చోవడమే! లోకేశ్వరి అన్నానికి మూడుసార్లు పిలిస్తే గానీ లేచేవాళ్లు కాదు. ఏ కౌన్సెలర్, ఏ ఫ్యామిలీ టూర్ ప్యాకేజీ చేయగలదు ఈ పని? ఒక్క దూరని ప్లగ్గు చేసింది!

ప్లగ్గు దారికొచ్చాక బటన్లు అడ్డం తిరిగాయి. ఒక కంపెనీ 'ఏ' అని రాసిన చోట రెండో కంపెనీ 'బీ' అని రాసుకుంది. దూకమంటే తన్నింది, తన్నమంటే ఆటే మూసేసింది. లోహిత నోటు పుస్తకం తీసి, ఏ బటన్ నొక్కితే ఏం కావాలో వరసగా రాసుకుని, బోర్డుకు ఒక్కొక్కటే నేర్పింది.

"ఏ బటన్‌కు ఏ పని చెప్పాల్నో మన ఇష్టమే నాయనా!" అంటున్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

అన్నీ కుదిరాక ఒక శుక్రవారం ముహూర్తం పెట్టారు. పూజ చేయకుండా కొత్త మిషన్ ముట్టుకోవడం ఆ ఇంట్లో లేదు. ఆయుధ పూజనాడు షెడ్డులో టెస్టర్‌కు కూడా బొట్టు పెట్టే ఇల్లాలు లోకేశ్వరి. బీరువాకు గంధం పూసి, కుంకుమ అద్ది, కంట్రోలర్లకు పైకి పొడుచుకొచ్చిన పుల్లల్లాంటివి ఉంటాయే, వాటి తలల మీద కూడా చిటికెడు చిటికెడు కుంకుమ పెట్టింది. హారతి ఇచ్చి స్విచ్ వేశారు.

తెర మీద హీరో ప్రత్యక్షమయ్యాడు. ఎవరూ ముట్టుకోకుండానే ఎడమవైపు నడిచాడు. గుంటలో పడి చచ్చాడు. మళ్లీ పుట్టి మళ్లీ ఎడమవైపే నడిచాడు.

"తిరుమల కొండ ఆ పక్కే గదా! స్వామి కాడికే పోతాండాడు," అని లోకేశ్వరి రెండు చేతులూ జోడించింది.

లోహిత నవ్వు ఆపుకుంటూ కంట్రోలర్ విప్పింది. పుల్ల అడుగున కుంకుమ చేరి ఎవరో ఒత్తినట్టు దాన్ని ఒక పక్కకే పట్టుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపింది. దులుపుతూ, తల ఎత్తకుండానే అంది.

"నాయనా, నన్ను ఆ హాస్టల్‌కు పంపొద్దు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకే వచ్చింది గదా. ఎలక్ట్రానిక్స్ చదువుకుంటా."

మునిప్రసాద్ రెండు అరచేతులూ చాపి చూపించాడు.

"ఈ చేతులు సూడు పాపా. మోటార్లకు పూసే వార్నిష్ మరక యా సబ్బుకూ పోలా. నువ్వు గూడా ఇట్లే అయిపోతావా?"

పిల్ల మీద ప్రేమతోనే అన్నాడు, భయంతోనూ అన్నాడు. ఫోనులో ధనంజయ కూడా వంత పాడాడు. "సోల్డరింగ్ అంతా సెలవల్లో బాగుంటాది బావా. ఆ కాలేజీలో యేస్తే లైఫ్ సెట్ అయిపోతాది!" లోహిత ఆఖరి స్క్రూ బిగించింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఆడారు, ఆయన మూడు ఆటలు ఓడిపోయాడు. గెలిచిన పిల్ల నవ్వలేదు.

జూన్‌లో తీసుకెళ్లి తిరుపతి అవతల హాస్టల్‌లో చేర్పించాడు. పాఠకులారా, అన్నీ సరిగ్గా దూరే చోటు ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడ చూడాలి! వందలమంది పిల్లలు, అందరికీ ఒకే బెల్లు, ఒకే జడ, ఒకే పుస్తకం, ఒకే కల. అడాప్టర్ ఊసే లేదు. దూరకపోతే దూరేదాకా నొక్కుతారు, అంతే. "ఏ పాపైనా నెల రోజుల్లో సెట్ అయిపోతాది సార్," అన్నాడు వార్డెన్. నాలుగు తీగలకు ఒకే ముక్కు పెట్టడం చేతకాని లోకం, పిల్లలందరికీ ఒకే ముక్కు ఎంత చక్కగా పెట్టేసిందండీ!

పదకొండో రోజు ఫోనొచ్చింది. మునిప్రసాద్ పరుగెత్తుకెళ్లాడు.

తెల్లారుజామున వార్డెన్ నిద్రలేపే బెల్లు నొక్కితే బెల్లు మోగలేదట. స్టడీ హాల్లో లైట్లు వెలిగాయట. స్టడీ హాలు లైట్ల స్విచ్ వేస్తే ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను తిరిగిందట. ఆ ఫ్యాను స్విచ్ వేస్తే వార్డెన్ మంచం పక్కనే బెల్లు మోగిందట! ఎలక్ట్రీషియన్ ఒక రోజంతా వెతికి దండం పెట్టి వెళ్లిపోయాడు. చివరికి లోహిత పెట్టెలో టెస్టరూ నోటు పుస్తకమూ దొరికాయి. ఏ స్విచ్చుకు ఏ పని అప్పగించిందో అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"ఈ పాప మాకు సెట్ కాదు. తీసుకుపోండి," అన్నాడు ప్రిన్సిపాల్.

మునిప్రసాద్ చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పాడు. అందరి ముందూ కూతురిని నాలుగు తిట్లు తిట్టాడు. ట్రంకు పెట్టె మోసుకుంటూ బస్సెక్కాడు. చాలాసేపు తండ్రి మొహం గంభీరంగానే ఉంది, పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వడమాలపేట దాటాక ఆయన పిల్ల వైపు వంగాడు.

"మెయిన్ ఆపినాకనే చేసినావా?"

"ఆపకుండా ఎట్ల చేస్తా నాయనా?"

ఆయన భుజాలు కదిలాయి. నవ్వు ఎంత బిగబట్టినా ఆగలేదు. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కళ్లు తుడుచుకుని, మరక చేతిని కూతురి చేతి మీద వేశాడు.

"పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ ఎప్పుడు పాపా?"

"సోమవారం," అంది లోహిత.