మంచం దిగనివ్వని మహానుభావులు

గుండె కోయించుకున్న ముసలివాడికి డాక్టరు కంటే పరామర్శకు వచ్చేవాళ్లే ఎక్కువ మేలు చేస్తారు. కాదనేవాళ్లు ఒకసారి మా ఆలూరుకు రండి.

మద్రాసు ఆస్పత్రిలో మా ఇంటాయన గుండె మీద బిగుసుకున్న పొరను కోసి తీశారు. మరునాడే కూర్చోబెట్టారు. ఆపైన వరండాలో నడిపించారు. "పడుకునే ఉంటే నెమ్ము చేరుతుందమ్మా, ముసలి ప్రాణం నిలవదు. ఇంటికి పోయినా రోజూ నడిపించండి" అన్నాడు డాక్టరు. ఎంత చదివి ఏం లాభం? రోగి అంటే పడుకొని ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు!

మా ఊళ్లో చెప్పేవాళ్లకు కొదవా? తెల్లవారితే చీనీకాయలు పట్టుకొని మంచం చుట్టూ చేరతారు. పనిగట్టుకొని చూడవస్తే రోగి ఎదురుగా తిరుగుతూ కనిపించడం వాళ్లకెంత చిన్నతనం? ఒక మూలుగైనా మూలగవద్దా?

మొన్న ఆయన కాలు కింద పెట్టబోయాడు.

"యాడికి లేస్తాండావు దేవేంద్రప్పా? పండుకో" అని పెద్ద ఈరన్న భుజం నొక్కాడు.

"డాక్టరు నడవమన్నాడప్పా."

"ఆయప్పకు మంచం ఖాళీ కావల్ల, లేపినాడు. ఈడ మంచం నీదే కదా."

సోమక్క ఆయన కాళ్ల మీద దుప్పటి కప్పింది. "మా మామ గూడా లేస్తానని శానా గలాటా చేసె. మేం లేయనిస్తిమా?" అంది. ఆ మామ మళ్లీ లేవనే లేదు. ఆమె ఆ సంగతి చెప్పలేదు కానీ, దినాలకు పోయి వచ్చినదాన్ని, నాకు తెలుసు.

కాసేపటికి అందరూ లేచారు. "పోయొస్తాం" అనలేదు. తలలు వంచుకొని గడప దాటారు. చావింటి నుంచి కదా మనం అలా లేచి వచ్చేది! మా పెద్దకొడుకు పోయిననాడు కూడా ఈ గడప దాటుతూ ఎవరూ ఆ మాట అనలేదు.

వెంటనే వాకిట్లోకి పోయి నిలేశాను. "ఏమి ఈరన్నా, చెప్పకుండా పోతాండారే? ఇంటాయన సాగనంపకుండా చుట్టాలు కదిలితే మా ఇంటికి మర్యాదేనా?"

మర్యాద అన్నాక కాదనేవాడెవడు? ఈరన్న వాకిట్లోనే ఆగాడు. మా ఇంటాయన మంచం దిగి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకొని వీధి మలుపు దాకా నడిచి, "పోయి రాండప్పా" అన్నాడు. అప్పుడు గానీ వాళ్ల నోట "పోయొస్తాం" రాలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పరామర్శకు తప్పక రండి. పొద్దున కొందరు, సాయంత్రం కొందరు వస్తే మరీ మంచిది. వచ్చిన వెంటనే లేవండి. మిమ్మల్ని సాగనంపే పని ఆయనకు ఉంది.