డెక్లాన్‌కి ఒక హోదా కావలెను

కొరియాలో ఒక మనిషిని పిలవడమంత తలనొప్పి పని ఇంకొకటి లేదు. అందరికీ పేర్లున్నాయి, కాదనం. కానీ అవి సంతకం పెట్టడానికే గానీ పిలవడానికి కాదు. ఎదురుపడ్డ మనిషిని పిలవాలంటే ముందు ఆయన పదవేమిటో తెలియాలి. అది తెలియకపోతే వయసైనా తెలియాలి. రెండూ తెలియకపోతే దగ్గి ఊరుకోవాలి. ఓక్ హేరిన్ టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదవి తెలియని ఒక పెద్దమనిషి వెనకాల దగ్గుకుంటూ స్కూలు మెట్లన్నీ ఎక్కింది. పైకి వెళ్ళాక ఆయన నీళ్ళ ఫిల్టరు బాగు చెయ్యడానికి వచ్చాడని తెలిసింది. ఆయన ఆవిడకి దగ్గుమందు పేరు చెప్పి వెళ్ళాడు.

ఆ గురువారం పొద్దున హేరిన్ పెట్టుకున్న పని ఒక్కటే. మర్నాటి ఓపెన్ క్లాసుకి రంగు కార్డులు కత్తిరించుకోవాలి. ఓపెన్ క్లాసంటే తల్లిదండ్రులూ, విద్యాశాఖ ఇన్‌స్పెక్టరూ గది వెనక కూర్చుని పాఠం చూసే రోజు. దక్షిణాన సముద్రం ఒడ్డున, వెల్లుల్లి పండించే ఆ చిన్న ఊళ్ళో ఉన్న మిడిల్ స్కూల్లో హేరిన్ కాంట్రాక్టు టీచరు. ఫిబ్రవరి వచ్చిందంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వైస్ ప్రిన్సిపాల్ పియో గారు తేలుస్తారు. ఈసారి ఓపెన్ క్లాసు చూశాక తేలుస్తానన్నారు. ప్రిన్సిపాల్ గారు నడుముకి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకోవడంతో స్కూల్లో పియో గారి మాటకి తిరుగు లేదు.

ఆవిడ కత్తెర చేతిలోకి తీసుకుందో లేదో పియో గారి దగ్గర నుంచి పిలుపు వచ్చింది.

"హేరిన్ టీచర్, నిన్న వరండాలో ఒక పిల్లాడు డెక్లాన్, డెక్లాన్ అని అరుస్తూ పరిగెత్తాడు. విన్నారా?"

"విన్నానండీ. ఆయన పేరు అదే కదండీ."

"పేరని నాకూ తెలుసు. రేపు ఇన్‌స్పెక్టరు గారి ముందు, అంతమంది తల్లుల ముందు అలాగే పిలిస్తే? కుక్కపిల్లని పిలిచినట్టు?"

"టీచరు గారూ అని పిలిపిస్తే ఆయనే వద్దంటారండీ. డెక్లాన్ చాలంటారు."

"వాళ్ళ దేశంలో చాలుతుందేమో. ఇక్కడ చాలదు. అసలు ఆయన పోస్టు పేరేమిటి?"

"ఇంగ్లీషు మాతృభాషగా గల సహాయ ఉపాధ్యాయుడండీ."

పియో గారు కళ్ళు మూసుకున్నారు. "సహాయకుడు. పక్క ఊరి స్కూలు వాళ్ళు తమ విదేశీయుణ్ణి ప్రొఫెసరని గేటు మీద బ్యానర్ కట్టుకున్నారు. మనం సహాయకుణ్ణి చూడ్డానికి రండి అని పిలుద్దామా? మధ్యాహ్నంలోపు ఒక హోదా చూసిపెట్టండమ్మా. బరువుగా ఉండాలి. కానీ ఎవరి మీదా పడకూడదు."

డెక్లాన్ ఐర్లండు నుంచి వచ్చిన ఎర్రజుట్టు కుర్రాడు. ఇరవై నాలుగేళ్ళు. హేరిన్ పాఠం చెబుతుంటే పక్కన నిలబడి, ఆవిడ చెయ్యి చూపించినప్పుడల్లా ఒక వాక్యం చదివి, మళ్ళీ నోరు మూసుకోవడం అతని ఉద్యోగం. మిగతా వేళల్లో క్యాంటీన్లో వంట చేసే అవ్వలకి ముల్లంగి తరిగి పెట్టేవాడు. కొరియన్ కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. అందువల్ల కళ్ళు మూసుకుని వింటే డెబ్బై ఏళ్ళ పల్లెటూరి ముసలమ్మ మాట్లాడినట్టే ఉండేది.

హోదా కోసం హేరిన్ చాలాసేపు ఆలోచించింది. విభాగాధిపతి అందామంటే ఇంగ్లీషు విభాగానికి తక్ గారు ఎప్పటినుంచో ఉన్నారు. ప్రొఫెసర్ అందామంటే అబద్ధం. చివరికి 'ముఖ్య సలహాదారు' అన్నది ఆవిడకి తట్టింది. సలహాదారుకి కింద మనుషులుండరు, చేతిలో పనుండదు, ఎవరికీ అడ్డం రాడు. ఇంతకంటే నిరపాయమైన పదవి ప్రపంచంలో లేదనుకుంది. ఆవిడ పెద్ద నగరం నుంచి వచ్చిన మనిషి. ఆ జిల్లాలో సలహాదారు అని రిటైరైన ప్రిన్సిపాళ్ళని, అదీ బాగా పెద్దవాళ్ళని, సన్మానం చేసి కూర్చోబెట్టినప్పుడు మాత్రమే అంటారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

పియో గారికి తెలుసు. కానీ ఆ మాట వినగానే అది ఎంత బరువుగా ఉందన్న సంతోషంలో ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. వెంటనే తల్లులందరి ఫోన్లకీ సందేశం పంపించేశారు.

మధ్యాహ్నం భోజనమై వచ్చేసరికి ఆఫీసు గుమాస్తా తన పని చేసేశాడు. ఆయన పద్ధతి తెలిసిన మనిషి. సలహాదారుకి ప్లాస్టిక్ నేమ్‌ప్లేటు పెట్టడం అవమానం కాబట్టి, ప్రిన్సిపాల్ గారికి ఉన్నలాంటిదే నల్లని లక్క పలక, ముత్యపుచిప్ప అక్షరాలతో, పక్క వీధి దుకాణంలో అప్పటికప్పుడు చేయించాడు. తలుపు పక్కన జెరాక్స్ మిషనుకి ఆనుకుని ఉన్న డెక్లాన్ బల్లని ఎత్తించి, కిటికీ కింద, పియో గారి పక్కన, స్టాఫ్ రూమంతా కనబడేలా వేయించాడు. వెనక్కి వాలే కుర్చీ ఒకటి తెప్పించాడు.

ఆ బల్లని చూసి డెక్లాన్ హేరిన్ చెవిలో గొణిగాడు. "ఏందే తల్లీ ఇది. నేనేం తప్పు చేసినానని నన్ను ఈయన పక్కన కూసోబెట్టినారు?"

"రేపొక్కరోజు ఓర్చుకోండి డెక్లాన్. తర్వాత చూద్దాం."

"ఈడ కూసుంటే ఒక కునుకు తీసే దారి కూడా లేదు గదనే."

అప్పుడే విభాగాధిపతి తక్ గారు లోపలికి వచ్చారు. వయసు యాభై రెండు. వచ్చి పలక చదివారు. మళ్ళీ చదివారు. తరవాత డెక్లాన్ వైపు తిరిగి నడుము వంగేలా నమస్కారం చేశారు. డెక్లాన్ కంగారుపడి ఇంకా కిందికి వంగాడు. తక్ గారు ఇంకా వంగారు. ఎవరు ముందు లేవాలో తెలియక ఇద్దరూ కాసేపు నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

"తక్ సార్, అది ఉత్తినేనండీ, రేపటి కోసం," అంది హేరిన్.

"ఉత్తినే ముత్యపుచిప్పతో చేయిస్తారా? నాకిక్కడ పద్దెనిమిదేళ్ళు. నా పలక అట్టముక్క." తక్ గారు చాలా మర్యాదగా అన్నారు. "సలహాదారు గారికి కాఫీ ఏమైనా కావాలేమో కనుక్కోండి. పొడి నేను కలుపుతాను. నా స్థాయికి తగిన పని అదే కదా."

సాయంత్రం బడి వేళ అయిపోయింది. ఎవరూ కదల్లేదు. గదిలో పెద్ద పదవిలో ఉన్న మనిషి లేవకుండా చిన్నవాళ్ళు లేవడం ఎక్కడా లేదు. పియో గారు ఏదో మీటింగుకని వెళ్ళిపోయారు. ఇక మిగిలిన పెద్ద డెక్లాన్. డెక్లానేమో, అందరికంటే వయసులో చిన్నవాడు ముందు లేచిపోకూడదని అవ్వలు చెప్పిన మాట గుర్తు పెట్టుకుని కూర్చున్నాడు. టీచర్లు డెక్లాన్ కోసం చూశారు. డెక్లాన్ టీచర్ల కోసం చూశాడు. లెక్కల టీచరు దిద్దిన పేపర్లే మళ్ళీ దిద్దడం మొదలుపెట్టింది. తక్ గారి భార్య రెండుసార్లు ఫోన్ చేసింది.

"లేదు, ఇంకా బయల్దేరలేదు," అన్నారు తక్ గారు ఫోన్లో, గదంతా వినేటట్టు. "మా పై ఆయన ఇంకా లేవలేదు. లేదులే, ఆయనకి పెళ్ళి కాలేదు. అందుకే తొందర లేదు."

హేరిన్‌కి సంగతి అర్థమై, కార్డుల పెట్టె బరువుగా ఉంది, కారు దాకా మోసిపెట్టమని డెక్లాన్‌ని అడిగింది. అతను లేచాడు. అతనితోపాటు గదంతా లేచింది. పదవి చూసి ఇంతమంది ఒక్కసారిగా లేచిన మర్యాద ప్రిన్సిపాల్ గారికి కూడా ఎప్పుడూ జరగలేదు.

మర్నాడు తరగతి గది వెనక తల్లులు కిక్కిరిసి కూర్చున్నారు. పక్కగా సోఫా వేసి, దాని ముందు బార్లీ టీ, బియ్యపు కేకులు పెట్టారు. ఇన్‌స్పెక్టరు జిన్ గారు, ముఖంలో ఏ భావమూ కనిపించని యాభై దాటిన ఆవిడ, వచ్చి కూర్చున్నారు. గంట మోగింది. హేరిన్ బోర్డు దగ్గరికి వెళ్తూ డెక్లాన్‌కి రమ్మని సైగ చేసింది. అతను కార్డులు పట్టుకుని రెండడుగులు వేశాడో లేదో పియో గారు చొక్కా పట్టుకుని ఆపి, హేరిన్ పక్కకి వచ్చి పళ్ళ మధ్య నుంచి అన్నారు.

"ఏమిటమ్మా ఇది? ముఖ్య సలహాదారు చేత కార్డులు పట్టిస్తావా? ఇన్‌స్పెక్టరు గారి ముందు?"

"మరి పాఠం ఎవరితో చెప్పనండీ? ఇవాళ్టి పాఠం అంగట్లో బేరం. అంగడివాడు ఆయన, కొనేదాన్ని నేను. ఇద్దరు లేకపోతే పాఠం లేదు."

"అదంతా నాకు తెలియదు. సలహాదారు పాఠం చెప్పరు. చెబితే సలహాదారెలా అవుతారు?"

డెక్లాన్‌ని తీసుకెళ్ళి సోఫాలో ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చోబెట్టారు. తల్లులు వచ్చిందే విదేశీయుడు పాఠం చెబితే చూద్దామని. ఆయన కూర్చుని టీ తాగుతున్నాడు. ఫిబ్రవరి ఆవిడ కళ్ళ ముందు ఖాళీగా కనబడింది. సామాన్లు సర్దుకోవడానికి ఎన్ని అట్టపెట్టెలు కావాలో కూడా మనసులో ఒక లెక్క వచ్చేసింది.

వెనక వరసలో ఒక తల్లి పక్కావిడతో గుసగుసలాడింది. "మనాయన పాఠం చెప్పడా ఏమిటే?"

"పెద్ద హోదా ఆయనది కదే. పక్క ఊళ్ళో ఆ ప్రొఫెసరు పాపం గంటసేపూ నిలబడి చెబుతాడంట. మనాయన కూర్చునే ఉంటాడు."

"ఎంతైనా మన స్కూలు వేరు."

ఇక ఇంకో దారి లేదు. హేరిన్ మొదటి బెంచీలో కూర్చున్న కిమ్చి పచ్చడి కొట్టువాళ్ళ అమ్మాయిని లేపి, నువ్వు అంగడి నడుపు, నేను కొంటానంది. రోజూ అయితే ఆ పిల్ల నోరు విప్పదు. ఎందుకు విప్పాలి? ఇంగ్లీషు మాట్లాడడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నప్పుడు పిల్లలెవరూ ఆ పనిలో చెయ్యి పెట్టరు. కానీ ఇవాళ ఆ మనిషి సోఫాలో ఉన్నాడు. ఆ పిల్ల చుట్టూ చూసి, వేరే గతి లేదని తేల్చుకుని, ఇంగ్లీషులో ఒక క్యాబేజీ ధర చెప్పింది. హేరిన్ ఎక్కువంది. ఆ పిల్లకి రోషం వచ్చింది. అమ్మ నోట విన్న బేరాన్నంతా ఇంగ్లీషులోకి దించేసింది. కుదరకపోతే అవతలి కొట్టుకి పొమ్మంది. అవతలి బెంచీ కుర్రాడు తన దగ్గర చవకన్నాడు. కాసేపటికి తరగతంతా అంగడి అయిపోయింది. తప్పులు చాలా ఉన్నాయి గాని బేరం మాత్రం ఎక్కడా ఆగలేదు. గంట మోగినా ఇద్దరు ఇంకా ముల్లంగి దగ్గర దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.

ఓపెన్ క్లాసు అయ్యాక అక్కడున్నవాళ్ళలో అందరికంటే పెద్ద హోదా గలవాళ్ళు పాఠం మీద నాలుగు మాటలు చెప్పాలి. వాళ్ళన్నదే రికార్డులోకి ఎక్కుతుంది. పియో గారు గొంతు సవరించుకుంటూ లేచారు. జిన్ గారు చెయ్యి ఎత్తి ఆపారు.

"ముందు సలహాదారు గారు చెప్పనివ్వండి."

పియో గారు లేచినంత నెమ్మదిగా కూర్చున్నారు. డెక్లాన్ నోట్లో ఉన్న బియ్యపు కేకు మింగి, లేచి, చేతులు కట్టుకున్నాడు.

"నేనేం సెప్పేదుందే తల్లీ," అని మొదలుపెట్టాడు ఇన్‌స్పెక్టరు గారితో. "నేను ముందర నిలబడితే ఈ బిడ్డలు నా నోరు సూస్తా కూసుంటారు. ఇయ్యాల నన్ను ఈడ కూసోబెట్టినారు, వాళ్ళ నోర్లు తెరుసుకున్నాయి. నేను రేడియోలాంటోణ్ణి, అంతే. పాఠం సెప్పేది ఈ యమ్మ. ఫిబ్రవరిలో ఈ యమ్మను తీసేస్తారేమోనని వంటింట్లో అవ్వలు బెంగపడతాండారు. అట్ట జెయ్యొద్దండి. అంతే నేను సెప్పేది. ఆ కేకులు బాగుండాయి."

జిన్ గారు రాసుకున్నారు. తరవాత తలెత్తి పియో గారి వైపు చూశారు.

"ఈవిణ్ణి తీసేయాలని ఎవరైనా అనుకుంటున్నారా?"

వెనకున్న తల్లులంతా పియో గారి వైపు తిరిగారు. క్యాబేజీ అమ్మిన పిల్ల తల్లి చేతులు నడుం మీద పెట్టుకుంది.

"అబ్బే, ఎవరండీ అనుకునేది?" అన్నారు పియో గారు. "వచ్చే ఏడాదికి ఆవిడే. నిన్ననే అనుకున్నాం."

హేరిన్ బోర్డుకి ఆనుకుని నిలబడిపోయింది. వీపంతా సుద్ద అంటింది. ఆ సుద్ద దులపడానికి ఎవరొచ్చారా అని చూస్తే తక్ గారు.

"బాగా చెప్పారు టీచర్," అన్నారాయన తువ్వాలుతో దులుపుతూ. "అడిగాను నేను. సలహాదారులు పాఠాల జోలికి రారట, ఇన్‌స్పెక్టరు గారే చెప్పారు. అంటే విభాగం నాదే. నిన్నటి నుంచి గుండె దడ. రండి, ఈ పూట కాఫీ నేనే కలుపుతాను, కోపంతో కాదు."

ఆ సాయంత్రం హేరిన్ సముద్రం పక్కన రోడ్డు మీద కారు ఆపుకుని, ఏ కారణమూ లేకుండా, కాసేపు అలా కూర్చుంది. గాలిలో వెల్లుల్లి వాసన. ఆవిడకి ఆ వాసన అంత నచ్చడం అదే మొదలు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. సోమవారం పియో గారు గుమాస్తాని పిలిచి బల్ల మళ్ళీ జెరాక్స్ మిషను పక్కకి జరపమంటుండగా విద్యాశాఖ నుంచి ఫోన్ వచ్చింది. ఇంత సూటిగా మాట్లాడే సలహాదారుని జిన్ గారు తన ఉద్యోగంలో చూడలేదట. వచ్చే నెల నుంచి జిల్లాలో అన్ని ఓపెన్ క్లాసులకీ ఆయన రావాలట. అంతేకాదు, ప్రిన్సిపాల్ పదవికి ఎవరెవరు తగినవారో తేల్చే కమిటీలో కూడా ఆయన్ని వేశారట. ఆ పదవికి ఈ ఏడు అర్జీ పెట్టుకున్నవాళ్ళలో పియో గారు ఒకరు.

పియో గారు ఫోన్ పెట్టేశారు. తరవాత డెక్లాన్ బల్ల దగ్గరికి వెళ్ళి, కప్పు ఖాళీగా ఉందేమోనని వంగి చూసి, టీ పోశారు.

"సలహాదారు గారూ, ఆ కమిటీ పనీ అదీ మీకు శ్రమేమో?"

"శ్రమేముందిలే నాయనా," అన్నాడు డెక్లాన్. "కేకులు పెడతారంట గదా."

నిజం చెబితే విద్యాశాఖకి అబద్ధమాడినట్టు తేలుతుంది. చెప్పకపోతే పియో గారు ప్రిన్సిపాల్ అవుతారో లేదో ముల్లంగి తరుగుతూ కూర్చునే కుర్రాడు తేలుస్తాడు. హేరిన్‌ని అడిగితే, తనది కాంట్రాక్టు ఉద్యోగమనీ ఇంత పెద్ద విషయాల్లో తలదూర్చకూడదనీ చాలా సంతోషంగా అంది. కాబట్టి, పదవిలోకి ఎక్కించిన మనిషిని ఎవరికీ తెలియకుండా కిందికి దించే ఉపాయం పాఠకుల్లో ఎవరికైనా తెలిసి ఉంటే, దయచేసి పియో గారికి రాసి ఆదుకోండి. పేరు కింద మీ హోదా కూడా రాయండి, లేకపోతే ఆయన చదవరు.