దర్శనీయ స్థలం నంబరు పదిహేడు

ఉత్తర జర్మనీలోని ఒక పాత ఓడరేవు నగరంలో, మంగళవారం ఉదయం పదిన్నరకి, విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపి రిటైరైన సింహాచలం దర్శనీయ స్థలంగా నమోదయ్యాడు. ఆ సమయానికి అతని భార్య పైడితల్లి బాత్రూము దగ్గర వరుసలో ఉంది. ఆమె తిరిగొచ్చేసరికి పని పూర్తయింది.

ఎర్ర ఇటుకల గోదాముల ముందు, కాలవ ఒడ్డున, చెక్కతో చేసిన పాతకాలపు క్రేను ఒకటుంది. దాన్ని చూస్తూ సింహాచలం ఒళ్ళు మరిచి నిలబడిపోయాడు. ఈలోగా ఒక గైడు తన గుంపుకి చర్చి గోపురం గురించి, క్రేను గురించి చెప్పి, అదే ఊపులో సింహాచలం గురించీ చెప్పేసింది. ఆ ఊరి నిబంధన ప్రకారం, మూడు గుంపులు ఫొటో తీసుకున్న దేన్నయినా పర్యాటక కార్యాలయం జాబితాలోకి ఎక్కించాలి. మూడో గుంపు పదీ ఇరవై ఐదుకి వచ్చింది.

"ఏటయ్యా, టూరు బస్సెలిపోతాది, రా," అంది పైడితల్లి.

"కదలొద్దన్నారే," అన్నాడు సింహాచలం, కళ్ళు మాత్రం తిప్పి. అతని కాళ్ళ దగ్గర అప్పటికే ఇత్తడి పలక బిగించి ఉంది. దాని మీద అతని ఎత్తు, పుట్టిన సంవత్సరం, మీసం అసలుదేనన్న హామీ మూడు భాషల్లో ఉన్నాయి.

పైడితల్లి కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేసి, తన భాషలో మాట్లాడి, ఫోను చేత తెలుగులో చెప్పించాడు.

"అమ్మా, రక్షిత కట్టడమును దేశము దాటించుట నేరము," అంది ఫోను.

"కట్టడం కాదు బాబూ, మనిషి."

అధికారి జాబితా తిరగేశాడు. "మనిషి అను వర్గము మా వద్ద లేదు. కోట, వంతెన, ఓడ, విగ్రహము, ఇతరములు. మీ వారిని ఇతరములలో చేర్చితిమి."

"శుక్రవారంతో మా ఈసా అయిపోతాది కదా?"

"మీది అయిపోవును. ఇతరములకు వీసా అక్కరలేదు."

పైడితల్లి రెండు రోజులు మొగుడి పక్కనే నిలబడింది. వాన పడితే గొడుగు పట్టబోయింది, ముఖభాగం కప్పకూడదన్నారు. గడ్డం గీయబోతే, అసలు రూపం మార్చడానికి కమిటీ అనుమతి కావాలన్నారు. వచ్చినవాళ్ళందరూ ఆమెని కొంచెం పక్కకి జరగమని నవ్వుతూ చెయ్యి ఊపారు.

సింహాచలానికి మాత్రం ఏ బెంగా లేదు. "ముప్పయ్యేళ్ళు అంతెత్తున కూకుని పన్జేశాను. కిందనుంచి ఒక్కడైనా తలెత్తి సూశాడేటే? ఇక్కడ నా గురించి మూడు బాసల్లో సెప్తన్నారు."

"మరి నా సంగతేటి?" అందామె.

సందర్శకులు వస్తున్నారని అతను మళ్ళీ బిగుసుకున్నాడు.

గురువారం సాయంత్రం ఆమె మళ్ళీ కార్యాలయం మెట్లెక్కింది. "ఆయన్ని ఒగ్గేసి నానెల్లను. నన్ను కూడా రాసేసుకోండి."

అధికారి ఫొటోలన్నీ వెతికాడు. ఆమె ఏ ఒక్కదాంట్లోనూ లేదు. నిజంగానే బాధపడి, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నిర్వహణ సిబ్బందిలో ఒక ఖాళీ ఉందట. ఆ ఉద్యోగం ఉన్నంతకాలం ఆమె కూడా ఉండొచ్చు.

ఫోను షరతులు చదివింది. కట్టడమును ప్రతి ఉదయము తుడవవలెను. వేళకు ఆహారము, మందులు అందించవలెను. కట్టడము మాట్లాడనప్పుడు మాట్లాడించరాదు. సందర్శకుల ఎదుట సొంత అభిప్రాయము చెప్పరాదు. ఫొటోలలో పడరాదు.

పైడితల్లి శ్రద్ధగా వింది. కొత్త సంగతి వస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూసింది. ఒకటే వచ్చింది.

"సోమవారము సెలవు."

"ఎవలికి? ఆయనకా?"

"మీకు, అమ్మా. ప్రతి వారము."

పైడితల్లి ఆ ఒక్క ముక్కా మళ్ళీ చదివించుకుంది. తర్వాత కాగితం దగ్గరికి జరుపుకుని, పెన్ను అడిగింది.