రెండాటల త్రిమూర్తులు

"ఒక మనిషికి ఒకే ఆట!"

భీమవరంలో జరిగిన జిల్లా క్రీడాసంఘాల మహాసభ ముక్తకంఠంతో చాటిన పరమసత్యమిది. చాటినవాళ్ళలో ఒక్కరూ ఒక్క ఆటైనా ఆడి ఎరగరు గనక వాళ్ళకే ఇబ్బందీ రాలేదు. వచ్చిన ఇబ్బందల్లా మొగల్తూరు త్రిమూర్తులుకే. ఆయన రెండు ఆడాడు మరి!

త్రిమూర్తులుది వలలు లాగిన వంశం. నలభై ఏళ్ళ కిందట వానాకాలమంతా బురదలో ఫుట్‌బాల్ ఆడేవాడు. వానలు వెనకపట్టగానే క్రికెట్. రెండింట్లోనూ రాష్ట్ర జట్టు దాకా వెళ్ళాడు. ఓసారి పొద్దున్న భీమవరంలో ఆరు వికెట్లు పడగొట్టి, తెల్ల ప్యాంటుతోనే బస్సెక్కి, వెనక సీటులో నిక్కరు మార్చుకుని, సాయంత్రం నరసాపురంలో రెండు గోల్సు కొట్టాడు. ఆ తర్వాత జీవితమంతా ఐస్ ఫ్యాక్టరీకిచ్చేశాడు. రిటైరయ్యాక ఊళ్ళో ఆడపిల్లల్ని పోగేసి ఫుట్‌బాల్ నేర్పడం మొదలెట్టాడు.

పిల్లలు బాగా ఆడుతున్నారు. జిల్లా పోటీలకి పేర్లిద్దామంటే, కోచ్‌కి 'మాజీ క్రీడాకారుడు' అన్న గుర్తింపు కార్డుండాలన్నారు. గడువు పదిహేను రోజులు. త్రిమూర్తులు పాత సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని భీమవరం వెళ్ళాడు.

అక్కడ ఒకే మేడ మీద ఎదురెదురుగా రెండు గుమ్మాలు. ఇటు ఫుట్‌బాల్ సంఘం, అటు క్రికెట్ సంఘం. ఫుట్‌బాల్ ప్రెసిడెంటు గణేష్‌బాబు గారు రొయ్యల మేత వ్యాపారి. ఆయన జన్మలో దేన్నయినా తన్నాడంటే, అది పొద్దున్నే స్టార్టవని మోటార్ సైకిల్నే.

"మీరు క్రికెటర్ కదండీ!" అన్నాడాయన, సర్టిఫికెట్లు ముట్టుకోకుండానే.

"ఆయ్, అదీ ఆడానండి."

"అదేనండి చిక్కు! కాలితో ఆడే మనిషి చేత్తో ఎందుకాడాడు? మా ఆట మీద నమ్మకం లేకే కదా? ఎదురింటికెళ్ళి, మీరు వాళ్ళ మనిషి కాదని లెటర్ పట్రండి."

ఎదుటి గుమ్మంలో క్రికెట్ ప్రెసిడెంటు శివరామకృష్ణ గారు ఏసీ కింద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. నిన్నటి సన్మానంలో కప్పిన శాలువా. ఇంకా తీయలేదు.

"బంతిని కాలితో తన్నారా? ఎంత అపచారం! ముందు వాళ్ళ లెటర్ తెండి, తర్వాత చూద్దాం."

రెండు సంఘాలకీ గుమాస్తా ఒక్కతే, ఆశాజ్యోతి. పొద్దున్న ఫుట్‌బాల్ తరఫున కుదరదని ఉత్తరం రాస్తుంది. మధ్యాహ్నం ఎదుటి గదిలో కూర్చుని ఆ ఉత్తరం తనే అందుకుని, క్రికెట్ తరఫున అంతకన్నా ఘాటుగా జవాబిస్తుంది.

"నాకు నేనే ఉత్తరాలు రాసుకుంటన్నాను బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి" అందామె తలెత్తకుండా.

పదకొండు రోజులు గడిచాయి. ఇంట్లో భార్య బేబీ చేపలు తోముతూ విసుక్కుంది.

"ఒకటి ఆడలేదని చెప్పేత్తే పోద్ది కదా!"

"ఏది ఆడలేదని చెప్పనే? ఈ కాలు నాది కాదననా, ఈ చెయ్యి నాది కాదననా?"

సాయంత్రం గ్రౌండులో జట్టు కెప్టెన్ దుర్గాశ్రీ ఎదురొచ్చింది. "కార్డొచ్చిందా తాతా?" త్రిమూర్తులు వంగి, గట్టిగానే ఉన్న బూటు లేసు విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. తలెత్తేసరికి ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది.

పన్నెండో రోజున రాష్ట్ర క్రీడాశాఖ నుంచి పిడుగు పడింది. ప్రతి సంఘమూ తమ తరఫున రాష్ట్ర స్థాయిలో ఆడిన ఒక్క మనిషినైనా చూపించాలట, లేకపోతే గుర్తింపు రద్దట! తనిఖీకి ఆ శాఖ అధికారి క్రిస్టినా మేడం రేపే దిగుతున్నారట! రెండు సంఘాలూ వెతుక్కున్నాయి. ఉపాధ్యక్షులు తొమ్మిది మంది దొరికారు. గౌరవ సలహాదారులు ఇరవై మంది దొరికారు. ఆడినవాడు మాత్రం దొరకలేదు.

మర్నాడు తెల్లారేసరికి త్రిమూర్తులు వాకిట్లో రెండు కార్లు ఆగాయి.

"మా త్రిమూర్తులు గారు!" అని గణేష్‌బాబు ఒక చెయ్యి పట్టుకున్నాడు.

"మీవాడెప్పుడయ్యాడండీ? మావాడు!" అని శివరామకృష్ణ రెండోది లాగాడు.

బేబీ చేటతో సహా బయటికొచ్చి నోరు తెరుచుకు నిలబడిపోయింది.

"మరి ఒక మనిషికి ఒకే ఆటన్నారు కదండీ?" అన్నాడు త్రిమూర్తులు.

"అది మామూలు మనుషులకండీ! తమరు మహామనుషులు!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

మహామనిషి ఒక్క క్షణం ఆలోచించాడు. కోపం రావాల్సిన చోట ఆయనకి దుర్గాశ్రీ మొహం గుర్తొచ్చింది. లోపలికెళ్ళి రెండు సంఘాలకీ రాసిన కార్డు దరఖాస్తులు, పిల్లల పేర్ల కాగితం తెచ్చాడు.

"ఇద్దరూ సంతకాలు పెట్టండి. అప్పుడే కారెక్కుతాను."

కారు బానెట్ మీదే పెట్టారు. పన్నెండు రోజులు కదలని పెన్నులు పన్నెండు సెకన్లలో పరిగెత్తాయి. ఆ ఉరుకులో, ఎవరి సంఘం కాగితమో చూడకుండా గణేష్‌బాబు క్రికెట్‌కీ, శివరామకృష్ణ ఫుట్‌బాల్‌కీ సంతకం పెట్టారు. భీమవరం చేరగానే ఆశాజ్యోతి రెండింటి మీదా ముద్రలు కొట్టి, కార్డులు త్రిమూర్తులు చేతికిచ్చి, మొదటిసారి తలెత్తి నవ్వింది.

ఆఫీసులోనే మేడం ముందు సభ మొదలైంది. ఈయన కాలికి దారి చూపింది మేమేనన్నాడు గణేష్‌బాబు. చేతికి చురుకు నేర్పింది మేమని కళ్ళు తుడుచుకున్నాడు శివరామకృష్ణ. ఇన్నాళ్ళూ తనకి ఇంతమంది గురువులున్నారని తెలియనందుకు త్రిమూర్తులు సిగ్గుపడ్డాడు.

క్రిస్టినా మేడం వాచీ చూసుకున్నారు. "మాటలు చాలండి. ఆయన ఆట చూస్తాను. ఒక బంతి తెప్పించండి."

ప్రెసిడెంట్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బీరువాలు తెరిచారు. శాలువాలు పడ్డాయి, షీల్డులు దొర్లాయి. చివరికి గణేష్‌బాబు తెగించి కేకేశాడు.

"భీమరాజూ! బంతి పట్రావయ్యా, తొందరగా!"

భీమరాజు ఆ ఆఫీసులో తొమ్మిదేళ్ళ నుంచీ అటెండరు. దేనికోసం కేకేశారో వాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బజారుకి పరిగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చి, నీళ్ళోడుతున్న బుట్ట మేడం ముందు దించాడు. నిండా బంతిపూల దండలు!

"మూరకి నాలుగు పువ్వులు ఎక్కువే కట్టించానండి" అన్నాడు గర్వంగా. "ముందు ఎవరి మెళ్ళో వెయ్యమంటారు?"