అంకె లేని బండ్లు

శుక్రవారం ఉదయం కాఫీ కలుపుకుంటూ ఆర్డిత్ ఒకటే అనుకుంది: సాయంత్రం దాకా మామూలుగా పని చేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవాలి. తెల్లవారితే అరిజోనాలో చెల్లెలి దగ్గరికి ప్రయాణం. నెబ్రాస్కాలో చిన్న జిల్లా లాంటి స్లేడ్ కౌంటీ కచేరీలో గుమాస్తాగా ఊరివాళ్ల పెళ్లి అనుమతులు, ఓట్లు, భూముల దస్తావేజులు అన్నీ చూసుకున్న మనిషే. కానీ వీడ్కోలంటే ఆమెకు గుండెదడ. భర్తను సమాధి చేసిన రోజు ఊరంతా వచ్చి భుజం తట్టింది. ఆ భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

అందుకే, కౌంటీలకు అండగా ఉండే రాష్ట్ర సంఘానికి మాత్రం రహస్యంగా ఫోన్ చేసి పెట్టింది. "నా బదులు కూర్చోవడానికి ఒక్క మనిషిని పంపండి. చప్పుడు చేయకండి."

"మేం లేమూ? మీరు దిగులు పడకండి," అన్నాడు సంఘం తరఫున ట్రెంట్.

ఆ సంఘానికి కొంచెంతో సరిపెట్టడం చేతకాదు. ఆ శుక్రవారం పొద్దున్నే కచేరీ ముందు మూడు కార్లు ఆగాయి. కుర్చీకి ఒకరు, ఎన్నికల పనికి ఒకరు, చట్టం చెప్పడానికి స్వయంగా ట్రెంట్.

నెబ్రాస్కా పల్లెల్లో ఎవరూ కారును చూడరు, నంబరు పలకను చూస్తారు. దాని మీద ముందు కౌంటీ అంకె ఉంటే పొరుగువాడు, లేకపోతే రాజధాని వాడు. ఎదురుగా హోటలు నడిపే మావిస్ కిటికీలోంచి చూసి గుడ్డును పెనం మీదే మాడనిచ్చింది.

"ఒక్కదానికీ అంకె లేదు! ఇంత చిన్న కౌంటీ ఎందుకని మనల్ని పక్కదాంట్లో కలిపేస్తున్నారు!"

"నాకు తెలియకుండానా?" అన్నాడు అక్కడే తింటున్న కౌంటీ బోర్డు అధ్యక్షుడు వెండెల్.

"నీకు తెలిసి ఈ ఊళ్లో ఏం జరిగింది గనక!"

పూర్వం పక్క ఊరివాళ్లు కౌంటీ కచేరీని తమ ఊరికి లాక్కుపోవడానికి వస్తే, వెండెల్ తాత దస్తావేజు పుస్తకాలను గడ్డివాములో దాచాడట. ఆ రక్తం ఊరుకుంటుందా? ట్రెంట్ కాఫీ తాగేలోగా వెండెల్ పుస్తకాలన్నీ ఎత్తుకుపోయి పశువుల ట్రక్కులో వేశాడు.

ఖాళీ అరలు చూసి దొంగలు పడ్డారనుకుంది ఆర్డిత్. కౌంటీ పోలీసు అధికారి షెరీఫ్‌ను పిలిచింది. అతను సైరన్ మోగిస్తూ వచ్చాడు. దానితో ఊరికి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. చావింటికి తెచ్చినట్టు ఆడవాళ్లు హామ్ మాంసం, బంగాళాదుంపలు, జెల్లీ పట్టుకుని వచ్చేశారు. కచేరీ వసారా ముక్కులు చీదే చప్పుడుతో నిండిపోయింది.

"దాచకే ఆర్డిత్. కలిపేది ఎప్పుడు?" మావిస్ నిలదీసింది.

"ఎవరూ ఏదీ కలపడం లేదు."

"మరి వీళ్లెందుకు దిగారు?"

ఆర్డిత్ ఇక దాచలేకపోయింది. "నా కోసం. ఉద్యోగం మానేశాను. రేపు చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాను. మళ్లీ రాను."

ఆర్డిత్ కళ్లు మూసుకుని, తట్టబోయే చేతుల కోసం భుజాలు బిగించింది.

"ఓస్, అంతేనా!" అన్నాడు వెండెల్.

జనమంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"చంపేశావు కదే! నిజంగా కౌంటీయే పోయిందనుకున్నాం," అంటూ మావిస్ హామ్ పళ్లెం తిరిగి చంకన పెట్టుకుంది. మిగతావాళ్లూ గిన్నెలు తీసుకున్నారు. వెండెల్ పుస్తకాలు తెచ్చి తలకిందులుగా సర్ది వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆర్డిత్ కచేరీ మెట్ల మీద చాలాసేపు నిలబడింది. వీధిలో పిట్ట కూడా లేదు.

"ఎవరైనా వస్తారా? కాసేపు ఆగుదామా?" అన్నాడు ట్రెంట్.

"లేదు బాబూ. ఎవరూ రాకూడదనే కదా అనుకున్నాను."

ఆమె ఉద్యోగ జీవితంలో అనుకున్నది అనుకున్నట్టు జరిగిన రోజు అదొక్కటే.